సఖీర్ నుంచి పాట ఎత్తిన నతానియేలు

నతానియేలన్న పనిచేసే ఇంటివాళ్ళు ఆ ఏడాది ఒక కారవాన్ కొన్నారు. షూటింగుల దగ్గర సినిమా హీరోలు కూర్చునే బండి లాంటిదే. లోపల మంచాలు, వంటగది, స్నానాలగది అన్నీ ఉంటాయి. బహ్రెయిన్‌లో చలికాలం రాగానే ఉన్నవాళ్ళంతా సఖీర్ ఎడారికి వెళ్ళి గుడారాలు వేసుకుంటారు. ఇసుకలో పడుకోవడం వాళ్ళకి సరదా. అయితే వాళ్ళు వారం చివర వచ్చి వెళ్ళిపోతారు. తక్కిన రోజులు అక్కడే ఉండి సామాను కాయడానికి ఒక మనిషి కావాలి. సరదా ఎవరిదైనా ఇసుక ఊడ్చేవాడు మాత్రం మనవాడే.

అన్న సొంతూరు అమలాపురం దగ్గర. యాభైకి దగ్గరపడ్డ మనిషి. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో నేనుండే గదిలో ఒక మంచం ఆయనది. వారమంతా యజమాని ఇంట్లో ఆయన పేరు భాయ్. కారు కడుగు భాయ్, చెత్త పారెయ్ భాయ్. ఇక్కడ సెలవు శుక్రవారం. ఆ పొద్దున్న మాత్రం ఆయన వేరే మనిషి. అద్లియాలో ఒక అద్దె హాల్లో జరిగే తెలుగు క్రైస్తవుల ప్రార్థన కూడికలో పాట ఎత్తేది ఆయనే. ముందు ఆయనొక్కడే పల్లవి మొదలుపెడతాడు, తర్వాత హాలంతా అందుకుంటుంది. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. కూడిక అయ్యాక పెట్టే భోజనం కోసం వెళ్ళేవాణ్ణి. అయినా ఆ గొంతు లేచినప్పుడు చదువుతున్న పుస్తకం మూసేసేవాణ్ణి.

సఖీర్ డ్యూటీ పడగానే ఆయనకి శుక్రవారాలు పోయాయి. కూడిక నడిపే శాంతిరాజుగారు మెత్తగానే చెప్పారు.

"చలికాలం వెళ్ళేదాకా మెర్సీ ఎత్తుతుందిలే అన్నా. నువ్వు తిరిగొచ్చాక మళ్ళీ నువ్వే."

మెర్సీ ఒక ఆస్పత్రిలో నర్సు. చిన్న వయసు, మంచి గొంతు.

ఆ సాయంత్రం గదిలో బట్టలు సర్దుకుంటూ అన్న, "తిరిగొచ్చాక మళ్ళీ నేనేనంట" అన్నాడు.

"అన్నారుగా."

"అంటార్రా. బస్సులో సీటు వదిలి టీకి దిగితే, ఎక్కేసరికి ఎవడో కూర్చుని ఉంటాడు. లెగమని అనడానికి నాకు నోరు రాదు."

ఈ దేశంలో ఆయనకి తనదంటూ ఉన్న చోటు అదొక్కటే. అది పోతుందని భయపడుతున్నాడు. నేను ఓదార్చలేదు. పోతుందనే నేనూ అనుకున్నాను.

కారవాన్ పైకప్పు మీద ఒక డిష్ ఉంది. మామూలప్పుడు బోర్లించిన చేటలా పడుకుని ఉంటుంది. లోపల మీట నొక్కితే మోటారు చప్పుడు చేస్తూ తనంతట తనే లేస్తుంది. అటూ ఇటూ తిరుగుతూ, తల ఎత్తుతూ దించుతూ ఉపగ్రహాన్ని వెతుక్కుంటుంది. దొరికాక కదలకుండా నిలబడిపోతుంది. ఇక కారవాన్‌లో ఇంటర్నెట్ వస్తుంది. సౌదీ ఎడారి లోపలికి వెళ్ళినప్పుడు పనికొస్తుందని యజమాని పెట్టించాడు. సఖీర్‌లోనూ అవసరం పడింది. వారం చివర జనమంతా చేరేసరికి అక్కడ మామూలు ఫోన్లు మొరాయిస్తాయి. గాలి ఎక్కువైతే డిష్ దించడం, అది తిరిగేచోట చేరిన ఇసుకని పొడిగుడ్డతో తుడవడం నతానియేలన్న పని.

ఇన్నేళ్ళలో యజమానిని ఏదీ అడగని మనిషి మొదటిసారి అడిగాడు, శుక్రవారం పొద్దున్న వాళ్ళు నిద్ర లేవకముందు ఆ నెట్ కాసేపు వాడుకోవచ్చా అని. "యల్లా, వాడుకో" అన్నాడట యజమాని. ఒక్క ముక్కలో తేలిపోయే సంగతికి అన్న ఎన్ని రోజులు మథనపడ్డాడో నాకు తెలుసు.

మొదటి శుక్రవారం నేను హాల్లోనే ఉన్నాను. శాంతిరాజుగారు తన ఫోనుని స్పీకరుకి కలిపారు. అన్న గొంతు హాలంతా నిండింది. జీవమ్మగారు కళ్ళు తుడుచుకుంది. మోకాళ్ళ నొప్పులతో వెనక కుర్చీలో కూర్చుని, అందరికంటే సగం మాట వెనక పాడే పెద్దావిడ ఆమె.

జనం పల్లవి అందుకోగానే అంతా చెడింది. ఇక్కడి పాట ఆకాశంలో అంత దూరం పోయి ఆయన్ని చేరేసరికి కాస్త ఆలస్యం. ఆయన గొంతు ఇక్కడికి రావడానికి మళ్ళీ అంతే. జనం వెనకబడ్డారనుకుని ఆయన నెమ్మదించాడు. ఆయన నెమ్మదించాడని జనం ఆగారు. వాళ్ళు ఆగారని ఆయన ఇంకా ఆగాడు. ఎదుటివాళ్ళ కోసం ఆగడం మర్యాదైన పనే, పాటని మాత్రం చంపేసింది. రెండో చరణం దగ్గర అందరూ నోళ్ళు మూసుకున్నారు. పిల్లలు నవ్వారు. మెర్సీ లేచి మిగతాది పూర్తిచేసింది.

ఆ తర్వాతి వారం నుంచి నాకు శుక్రవారం కూడా డ్యూటీ వేశారు. నేను చేసేది జిదాఫ్స్‌లో ఒక కొట్లో. గుడారాలకి నీళ్ళ డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు వ్యాన్‌లో చేరవేయాలి. అలా అన్న దగ్గరికి పొద్దున్నే చేరాను. ఆయన నిచ్చెనెక్కి డిష్ తుడుస్తున్నాడు.

"తుడిస్తే ఉపగ్రహం దగ్గరికి జరగదన్నా" అన్నాను.

"నోరు మూసుకుని నిచ్చెన పట్టుకో."

కిందికి దిగాక ఎప్పుడో చదివింది చెప్పాను. ఆలస్యాన్ని ఎవరూ తీయలేరు. ఒకటే దారి. "నువ్వు వాళ్ళని వినకు. ఫోను సౌండు పూర్తిగా తగ్గించేసి పాడుకుంటూ పో. వాళ్ళు నీ వెనకే వస్తారు. నువ్వు ఆగకపోతే వాళ్ళూ ఆగరు."

"వినకుండా ఎలా పాడతార్రా?"

"చాలామంది పెద్దలు అలాగే మాట్లాడతారు. దేశాలే నడుస్తున్నాయి."

ఆయన నవ్వలేదు. కారవాన్ మెట్టు మీద కూర్చున్నాడు. కూడిక మొదలయ్యే వేళకి సౌండు తగ్గించి, కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. ఎదురుగా ఇసుక, పక్కన ముడిచిన కుర్చీలు, నీళ్ళ డబ్బాలతో నేను. పల్లవి తర్వాత జనం కోసం చోటు వదిలాడు. అక్కడ నిశ్శబ్దమే. ఆ నిశ్శబ్దాన్ని చేత్తో తొడ మీద తాళం వేసి దాటి చరణంలోకి వెళ్ళాడు. గొంతు ఎక్కడా తొణకలేదు. చూడ్డానికి మాత్రం, మనుషులు లేని వీధిలో ఎవరితోనో మాట్లాడుకుంటూ నడిచేవాడిలా ఉన్నాడు.

పాట అయ్యాక సౌండు పెంచాడు. శాంతిరాజుగారి గొంతు సంతోషంగా వచ్చింది. "ఒక్క తప్పు లేదన్నా! పక్కనే నిలబడి పాడినట్టుంది. ఇక ప్రతివారం ఇలాగే."

"జీవమ్మగారు వచ్చిందాండీ?" అని అడిగాడు అన్న.

"వచ్చింది, వచ్చింది. ఇక్కడే ఉంది."

ఫోను పెట్టేశాక నేను అన్నాను, "చూశావా, నీ సీటు నీకే ఉంది."

"ఆవిడ ఆయాసపడితే చరణం చివర కాస్త సాగదీసేవాణ్ణిరా. ఇవాళ ఆవిడ ఉందో లేదో కూడా తెలీకుండా పాడేశాను."

"తప్పు లేదన్నారుగా."

"కేసెట్టులో మాత్రం తప్పుంటుందా?"

నాకు కోపం వచ్చింది. నేను చూపిన దారి పనిచేసింది, ఈయనకి అదీ చాలలేదు. దొరికింది గట్టిగా పట్టుకోవడం రాని మనుషులని చూస్తే నాకు చిరాకు. వ్యాన్ తలుపు గట్టిగా వేసి వచ్చేశాను.

మరుసటి శుక్రవారం వెళ్ళేసరికి డిష్ లేచి ఉంది. అన్న మెట్టు మీద, ఫోను ఒళ్ళో. అవతల శాంతిరాజుగారు, "రెడీయేనా అన్నా?" అంటున్నారు.

"మెర్సీనే ఎత్తమనండి. చలికాలం వెళ్ళేదాకా అని కాదు. ఇక ఎత్తమనండి. నేను వెనక పాడతాను."

"అదేంటన్నా? పోయినవారం బాగా కుదిరింది కదా."

"అక్కడ మీకు కుదిరిందండి."

ఫోను మైకు ఆపేసి, సౌండు పూర్తిగా పెంచాడు. ఇప్పుడు వాళ్ళ మాట ఆయనకి వస్తుంది, ఆయనది వాళ్ళకి పోదు. మెర్సీ ఎత్తుకుంది. హాలంతా అందుకుంది. అన్న కూడా అందుకున్నాడు. వాళ్ళ పాట ఎంత ఆలస్యంగా వస్తేనేం, ఇక్కడ మెట్టు మీద మాత్రం ఆయన గొంతు ఆ గుంపులో అచ్చంగా కలిసిపోయింది. చరణం చివర అందరూ ఆగిపోయాక జీవమ్మగారి గొంతు ఒక్కటే మిగిలింది. అన్న ఆవిడతోపాటు ఆ చివరి మాట దాకా వెళ్ళి ఆగాడు. అక్కడ ఆవిడకి అది తెలిసే వీల్లేదు.

ఇది ఓటమో కాదో నాకిప్పటికీ తేలలేదు. నేనైతే ఆ చోటు వదిలేవాణ్ణి కాదు. ఎవరూ వినబడకపోయినా సరే, పాడుతూనే ఉండేవాణ్ణి.

పాట అయ్యాక శాంతిరాజుగారు అడిగారు. "నతానియేలన్నా, లైన్లో ఉన్నావా? ఏమీ వినబడట్లేదు."

అన్న మైకు నొక్కాడు.

"ఉన్నానండి. కానివ్వండి" అన్నాడు. మళ్ళీ ఆపేశాడు.