దగ్గుమారమ్మ గారి లీజు దస్తావేజు

1958వ సంవత్సరం. జగ్గయ్యపేట సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఒక రేకుల వసారా ఉండేది. అందులో ముగ్గురం దస్తావేజు లేఖరులం కూర్చునేవాళ్లం. జనం మమ్మల్ని రైటర్లనేవారు. అప్పటికి నా వయసు ముప్పై ఆరు. మా నాన్నగారు కూడా అక్కడే, అదే బల్ల దగ్గర కూర్చుని రాశారు. ఆయన పోయాక బల్లతోపాటు ఆయన రాసిపెట్టుకున్న నమూనాల పుస్తకం నాకు వచ్చింది. అమ్మకమైతే ఎలా మొదలుపెట్టాలి, తనఖా అయితే ఏయే మాటలు పడాలి, భాగపంపకాల్లో హద్దులు ఎలా చెప్పాలి, అన్నీ అందులో ఉండేవి. పేర్లూ హద్దులూ మార్చి మిగతాది చూసి దించితే దస్తావేజు తయారు. పన్నెండేళ్లు నేను చేసిన పని అదే. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరు కూడా తెచ్చుకున్నాను.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక ఉదయం, ఆఫీసు ఇంకా తెరవకముందే, గొడుగు పట్టుకుని ఒక దొరసాని మా వసారాలోకి వచ్చారు. ఆవిణ్ని పేటలో ఎరగనివాళ్లు లేరు. డెన్మార్క్ దేశస్థురాలు. అసలు పేరు డాగ్మార్. ఎప్పుడో జనం నోళ్లలో అది దగ్గుమారమ్మ అయింది, ఆవిడా ఆ పేరుకే పలికేవారు. ముప్పై ఏళ్లుగా మిషన్ వారి ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్. కూలి చేసుకునేవాళ్ల ఆడపిల్లలు ఎందరో ఆ బడిలో చదివి చుట్టుపక్కల ఊళ్లలో టీచర్లయ్యారు.

"రైటరు గారూ, నేను రిటైరవుతున్నా. నాకో ఇల్లు కావాలి. కాగితం గట్టిగా ఉండాలి" అన్నారు బెంచీ మీద కూర్చుంటూ.

"మీ దేశం వెళ్లిపోరా అండీ?"

"వెళ్లి ఎవరింట్లో దిగను? అన్నయ్య ఒక్కడే ఉండేవాడు, ఆయనా పోయాడు. ఇక్కడైతే కంచికచర్ల వెళ్తే ఒక పిల్ల అన్నం పెడుతుంది, చెవిటికల్లు వెళ్తే ఇంకో పిల్ల పడుకోవడానికి మంచం వేస్తుంది. నా ఊరు ఇదేనండి. ఆ సంగతి తేల్చుకునే వచ్చా."

చిక్కు ఏమిటంటే, రిటైరైనవాళ్లు బంగళా ఖాళీ చేయాలని మిషన్ నియమం. ఏప్రిల్ నెలాఖరు గడువు. పైగా పరాయి దేశస్థులు ఇక్కడ ఉండాలంటే ఏటా పోలీసు వారి దగ్గర రెసిడెన్షియల్ పర్మిట్ అనే అనుమతి కాగితం తీసుకోవాలి. ఇన్నాళ్లూ మిషన్ వారి ఉత్తరం చూపిస్తే సరిపోయింది. ఇకమీదట ఆ ఉత్తరం ఉండదు. ఎక్కడ ఉంటున్నారు, ఏ హక్కుతో ఉంటున్నారు అని అడిగితే చూపడానికి రిజిస్టరైన కాగితం కావాలి. లేకపోతే ఓడ ఎక్కాల్సిందే.

ఇల్లు ఆవిడ చూసే పెట్టుకున్నారు. ముక్త్యాల రోడ్డులో సుభద్రమ్మ గారిది, రెండు వాటాల పెంకుటిల్లు. సుభద్రమ్మ గారు భూవసతి ఉన్న కుటుంబంలో కోడలు. భర్త అన్నదమ్ములతో పంచుకున్నాక కట్టించిన ఇల్లు అది. ఆయన పోయి పాతికేళ్లయింది. పిల్లలు లేరు. అరవై ఎనిమిదేళ్ల వయసులో వెనక వాటాలో ఒక్కరే ఉండేవారు. మేమిద్దరం వెళ్లేసరికి పెరట్లో మిరపకాయలు ఆరబోస్తున్నారు.

"అమ్మడం మటుకు అమ్మను నాయనా" అన్నారు నాతో. "కానీ ముందు వాటా ఈవిడకే ఇస్తా. ఈవిడ బతికున్నన్నాళ్లూ ఎవరూ కదపకుండా రాయి. పాతికేళ్లుగా ఈ ఇంట్లో మేకు కొట్టాలన్నా మా మరిది కొడుకుని అడుగుతున్నా. ఒక్కసారన్నా నా ఇంటి మీద నా మాట చెల్లాలి."

ఇలాంటి ఏర్పాటును లీజ్‌హోల్డ్ అంటారు. నేలా గోడలూ యజమానివే, అందులో ఉండే హక్కు మాత్రం గడువు తీరేదాకా తీసుకున్నవాళ్లది. ప్రీమియం అని మొత్తం ముందే ఇచ్చేస్తారు కాబట్టి నెలనెలా అద్దె అడిగేవారుండరు. పూర్తిగా కొనడం కాదు, ఉత్త అద్దె కాదు, రెండింటికీ నడుమన ఉండే కొనుగోలు.

ఆ సాయంత్రమే నాన్నగారి పుస్తకం ముందు పెట్టుకుని చిత్తు రాసి దగ్గుమారమ్మ గారికి పంపించాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ వచ్చారు. ఒక వాక్యం కింద పెన్సిలు గీత ఉంది.

"ఇక్కడ 'నా జీవితకాలం మట్టుకు' అని రాశారు. 'నా' అంటే ఎవరండి?"

"సుభద్రమ్మ గారండి. రాసిచ్చేది ఆవిడ కదా."

"ఆవిడ నాకన్నా ఆరేళ్లు పెద్ద. ఆవిడ పోయిన మర్నాడు నా పెట్టె రోడ్డు మీద ఉంటుందన్నమాట."

"అంతకుమించి రాయడానికి లేదండి. భర్త ఆస్తి మీద భార్యకు అనుభవించే హక్కే గాని తన తర్వాతి కాలానికి రాసిచ్చే హక్కు లేదు. దాన్ని లిమిటెడ్ ఎస్టేట్ అంటారు. ఆవిడ పోతే ఇల్లు మరిది కొడుకు వెంకట్రామయ్యకి పోతుంది. చట్టం అదీ."

"ఏ చట్టం? ఎప్పటిది?"

"ఎప్పుడూ అంతేనండి" అన్నాను.

"నా బళ్లో ఏ పిల్లన్నా అలా చెబితే కూర్చోనిచ్చేదాన్ని కాదు" అన్నారు. కోపంగా కాదు, తరగతిలో చెప్పినట్టే. "నాకు ఏప్రిల్ దాకా టైముంది. మీరు చదివి రండి."

ఆ రోజంతా పని చేయబుద్ధి కాలేదు. నలుగురిలో మాట పడ్డానని కాసేపు ఉక్రోషపడ్డాను కూడా. కానీ ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. మర్నాడు బస్సెక్కి నందిగామ వెళ్లాను. మునసబు కోర్టు దగ్గర వకీలు రాఘవయ్య గారు నాన్నగారికి స్నేహితులు. సంగతి చెప్పగానే ఆయన బీరువాలోంచి ఒక పల్చటి పుస్తకం తీసి నా ముందుకు తోశారు.

"హిందూ వారసత్వ చట్టం. పద్నాలుగో సెక్షను చూడు. వచ్చి రెండేళ్లు కావస్తోంది."

నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆయనే తెలుగులో చెప్పారు. విధవరాలి అధీనంలో ఉన్న భర్త ఆస్తికి ఇప్పుడు ఆమే పూర్తి హక్కుదారు. "అమ్మొచ్చు, ఇవ్వొచ్చు, లీజుకి రాయొచ్చు. ఆవిడ రాసింది తర్వాత వారసులు కూడా ఒప్పుకోవాల్సిందే. నువ్వింకా మీ నాన్న పుస్తకమే దించుతున్నావా?"

"దించుతున్నానండి" అన్నాను. అబద్ధం చెప్పడానికి కూడా నోరు రాలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానే గాని బయట ఏమీ కనబడలేదు. ఈ రెండేళ్లలో నా బల్ల దగ్గరికి ఎంతమంది విధవరాళ్లు వచ్చి ఉంటారు? అందరూ గుర్తు లేరు. ఒకామె మాత్రం బాగా గుర్తొచ్చింది. వత్సవాయి రత్తమ్మ. అంతకు ముందు ఏడాది వచ్చి, "మా ఆయన పొలం మీద నాకేవన్నా హక్కుందా బాబూ?" అని అడిగితే, రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండా లేదని చెప్పి పంపేశాను. చిల్లకల్లులో బస్సు ఆగింది. పేటకు వెళ్లకుండా అక్కడే దిగి వత్సవాయి దారి పట్టాను.

రత్తమ్మ చేలో పత్తి తీస్తోంది. నన్ను చూసి ఒడి విప్పకుండానే గట్టు మీదికి వచ్చింది. పొలం హక్కు సంగతి ఇంకెవర్నైనా అడిగావా అన్నాను.

"నువ్వు లేదన్నావు గదా, ఇంకెవర్ని అడుగుతా?" అంది. "మరుదులు తెల్లకాయితం తెస్తే ఏలుముద్ర ఏసా. ఈ పత్తి అయిపోంగానే చేను అప్పజెప్పాలి."

"అప్పజెప్పకు రత్తమ్మా. రిజిస్టరు కాని తెల్లకాగితంతో పొలం పోదు. చట్టం మారింది. చేను నీదే."

"అప్పుడూ ఇట్టాగే గట్టిగా చెప్పావు బాబూ."

"అప్పుడు చదవకుండా చెప్పా. ఇప్పుడు చదివొచ్చి చెబుతున్నా. తప్పు నాది."

నమ్మిందో లేదో తెలియలేదు. రత్తమ్మ, "ఆ చదివించిన వకీలు గారెవరో ఆయన దగ్గిరికి తీసుకుపో. ఆయన నోటంట వింటా" అంది. ఆ వారంలోనే నందిగామ తీసుకెళ్లాను. వ్యవహారం కోర్టుదాకా పోయింది, ఏడాదిన్నర పట్టింది. చేను ఆమెకే నిలిచింది.

వత్సవాయి నుంచి పేటకు వచ్చి లీజు దస్తావేజు మళ్లీ మొదటినుంచీ రాశాను. ఈసారి పుస్తకం తెరవలేదు. డాగ్మార్ గారు జీవించి ఉన్నంత కాలం ముందు వాటా ఆమె స్వాధీనంలో ఉంటుందనీ, షరతులు తనకూ తన తదనంతరం తన వారసులకూ వర్తిస్తాయనీ సుభద్రమ్మ గారి తరఫున రాశాను. దగ్గుమారమ్మ గారు రెండుసార్లు చదివి, "ఇప్పుడు కూర్చోవచ్చు మీరు" అన్నారు. ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఈలోగా కబురు వెంకట్రామయ్య చెవిన పడింది. ప్రీమియం సొమ్ము సమకూరి రిజిస్ట్రేషను పెట్టుకునేసరికి ఏప్రిల్ ఇరవై అయింది. ఆ రోజున మాకన్నా ముందే వచ్చి ఆఫీసులో నిలబడ్డాడు.

"మా పెద్దమ్మకి అక్షరం ముక్క రాదండి" అన్నాడు రిజిస్ట్రారు గారితో. "ఈ దొరసాని ఏదో చెప్పి వేలిముద్ర వేయిస్తోంది. ఆడమనిషి, అందులో పెద్దావిడ. ఆవిడకేం తెలుస్తుంది?"

రాసిచ్చే మనిషి తనంతట తాను, తెలిసి రాసిస్తున్నదా లేదా అన్నది రిజిస్ట్రారు చూసుకోవాలి. ఆ అనుమానం తీరకపోతే కాగితం అక్కడే ఆగిపోతుంది. గడువుకు ఇంకా పదిరోజులే ఉన్నాయి.

"సుభద్రమ్మ గారూ, ఇందులో ఏముందో మీకు తెలుసా?" అని అడిగారు రిజిస్ట్రారు గారు.

ఆవిడ బొడ్లోంచి గుడ్డసంచి తీసి, అందులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. దస్తావేజు అందుకుని, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, పైకి చదవడం మొదలుపెట్టారు. ఆఫీసులో గుమాస్తాలు కలాలు ఆపేశారు.

నాకూ అప్పుడే తెలిసింది. అయిదేళ్లుగా సాయంత్రాలు దగ్గుమారమ్మ గారు ఆవిడకు చదువు చెబుతున్నారట. ఇంట్లోవాళ్లకు తెలిస్తే కాగితాలు కంటబడకుండా దాచేస్తారని సుభద్రమ్మ గారు ఎవరికీ చెప్పలేదు.

మూడో పేజీలో ఆవిడ ఆగారు. "నాయనా, ఇక్కడ మా ఆయన పేరులో దీర్ఘం పోయింది. దిద్దు" అన్నారు నాతో. సిగ్గుపడుతూ దిద్ది, దిద్దుబాటు ఉన్నట్టు చివర రాశాను. ఆవిడ మిగతాది పూర్తిగా చదివి, కలం అడిగి, సంతకం చేశారు. అది చేయడానికి కాస్త సమయం పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"అసలావిడకి హక్కే లేదు కదండీ!" అన్నాడు వెంకట్రామయ్య, గొంతు తగ్గించి.

"హక్కుల సంగతి కోర్టులో తేల్చుకో" అన్నారు రిజిస్ట్రారు గారు. "రాసిచ్చింది ఈవిడే, చదువుకుని మరీ రాసిచ్చింది. నేను చూడాల్సింది అంతవరకే." సీలు పడింది. ఏప్రిల్ నెలాఖరులో దగ్గుమారమ్మ గారి సామాను ఒక ఎడ్లబండిలో ముక్త్యాల రోడ్డుకు వెళ్లింది. ఆ ఏడాది పర్మిట్ ఇబ్బంది లేకుండా వచ్చింది.

అయిదేళ్ల తర్వాత, 1963లో, సుభద్రమ్మ గారు కాలం చేశారు. కర్మకాండ అయ్యాక వెంకట్రామయ్య తాళం కప్ప తీసుకుని ఇంటికి వచ్చాడు. దగ్గుమారమ్మ గారు నాకు కబురు పంపారు. పరుగున వెళ్లేసరికి ఆవిడ అతన్ని వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, దస్తావేజు మొదటినుంచీ చదివి వినిపిస్తున్నారు. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్లు ఇంకా వాచే ఉన్నాయి. గొంతు మాత్రం తొణకలేదు.

"ఈ ఇల్లు ఇప్పుడు నీదే నాయనా, కాదనను. నేనున్నన్నాళ్లు ముందు వాటాలో ఉండే హక్కు నాది. నా తర్వాత ముందు వాటా నీకు చేరాలన్నదీ ఈ కాగితంలోనే ఉంది. దీన్ని చింపితే నీది కూడా చిరుగుతుంది."

అతను తాళం తీసుకుని సరాసరి నందిగామ వెళ్లాడు. ఇద్దరు వకీళ్లను అడిగాడని విన్నాను. కాగితం చెల్లుతుందని ఇద్దరూ ఒకే మాట చెప్పారట. వేసవి చివర్లో దగ్గుమారమ్మ గారు అతనికి ఒక చీటీ పంపారు: వానలకు ముందు పెంకులు తిరగవేయించడం యజమాని పని, ఏడో షరతు చూడవలెను. గొణుక్కుంటూనే మనుషుల్ని పంపాడు. ఏటా పంపాడు. ఆవిడ ఆ ఇంట్లోనే, తను కోరుకున్న ఊళ్లోనే 1969 దాకా ఉండి, అక్కడే కన్నుమూశారు. రాసుకున్న ప్రకారం ముందు వాటా అతనికి చేరింది.

రత్తమ్మ కేసు తర్వాత నెలకొకసారి నందిగామ వెళ్లి రాఘవయ్య గారి దగ్గర కూర్చుని, కొత్తగా ఏం వచ్చింది, ఏం మారింది అని అడిగి రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. చాలామందికి దస్తావేజు లేఖరే మొదటి వకీలు, చివరి వకీలు కూడా. నీకు హక్కు లేదని అతనంటే వాళ్లు ఇంటికి వెళ్లిపోతారు, ఇంకో గుమ్మం ఎక్కరు. ఆ మాట ఆ తర్వాత కూడా ఎంతోమందికి చెప్పాల్సి వచ్చింది. చదవకుండా మాత్రం ఒక్కరికీ చెప్పలేదు.