తాళాలావిడ రెండో సర్వరు

ఆసుపత్రిలో ఆమెను అందరూ తాళాలావిడ అనేవారు. డాక్టరైనా నర్సైనా కంప్యూటర్లో రోగి వివరాలు చూడాలంటే పాస్‌వర్డ్ కొట్టాలి. అది సరైనదో కాదో చూసి లోపలికి వదిలేది ఒకే ఒక్క సర్వరు. పద్దెనిమిదేళ్లుగా దాని బాగోగులు ఆమెవే. రెండోది కావాలని మూడుసార్లు రాసిచ్చింది. మూడూ బుట్టదాఖలయ్యాయి.

ఒకరోజు ఉదయం ఆ సర్వరు కాస్తా చచ్చూరుకుంది. రెండు గంటలపాటు ఎవరికీ ఏ ఫైలూ తెరుచుకోలేదు. పిల్లల వార్డులో నర్సుగా చేసే ఆమె వదిన, ఏ బిడ్డకు ఏ మందు పడదో తల్లుల్ని అడుగుతూ మంచం మంచం తిరిగింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు.

మధ్యాహ్నం పరిపాలనాధికారి ఆమెను పిలిపించి, ఒక కాగితం ముందుకు తోశాడు. నిర్లక్ష్యం తనదేనని ఒప్పుకునే క్షమాపణ పత్రం.

“సంతకం పెట్టండమ్మా, గొడవ వదిలిపోతుంది.”

“పెట్టను సార్. నేను మూడుసార్లు అడిగాననీ, మీరు కుదరదన్నారనీ కూడా రాయించండి. అప్పుడు పెడతా.”

“ఉద్యోగం మీద ఆశ లేదా?”

“ఉంది కాబట్టే పెట్టట్లేదు.”

తల దించకుండా బయటికొచ్చింది. పక్క భవనంలో మూలపడేసిన పాత యంత్రం ఒకటుంది. ఎవరినీ అడక్కుండా దాని దుమ్ము దులిపింది. వారం తిరిగేసరికి అది రెండో సర్వరైంది.

ఇంట్లో కూరగాయలు తరుగుతూ ఈ సంగతి వదినకు గొప్పగా చెప్పుకుంది.

“మరి మా అందరి పేర్లూ, పాస్‌వర్డ్‌లూ దాంట్లో కూడా ఉన్నాయా?” అంది వదిన.

“లేవు. ఆ డేటాబేసు మొదటిదాంట్లోనే ఉంది. రెండోది అక్కణ్ణుంచే చూసుకుంటుంది.”

“అంటే మొదటిది పోతే ఇది గుడ్లప్పగించి చూస్తుందన్నమాట! ఏడ్చినట్టుంది నీ తెలివి.”

ఆడపడుచుకు ఒళ్లు మండింది. ఆ మాట నిజమైనందుకు ఇంకా మండింది. మర్నాడు మళ్లీ మొదలుపెట్టి, డేటాబేసు రెండు యంత్రాల్లోనూ ఉండేలా, ఒకదాంట్లో ఏం మారినా క్షణాల్లో రెండోదాంట్లోకి చేరేలా చేసింది. పరీక్షకని తనే వదిన పాస్‌వర్డ్‌ను ఒకదాంట్లో మార్చి, రెండోదాంట్లో చూసుకుంది. మారింది!

ఇక దాచదలచుకోలేదు. వార్డులన్నిటికీ ముందే కబురుపెట్టి, పట్టపగలు పదకొండింటికి అధికారిని సర్వర్ల గదికి పిలిచింది. మొదటి సర్వరు తీగ పట్టుకుంది.

“పీకొద్దు! రోగులున్నారు!”

“ఆరోజూ ఉన్నారు సార్,” అంటూ పీకేసింది.

వదిన ఫోను చేసింది: “తెరుచుకుంది!” ఆపరేషన్ల విభాగంలోనూ తెరుచుకుంది. రక్తపరీక్షల విభాగంలో మాత్రం తెరుచుకోలేదు. అక్కడి కంప్యూటర్లకు రెండో సర్వరు చిరునామా ఇవ్వడం ఆమె మరిచిపోయింది.

అధికారి ముఖం వెలిగింది. “చూశారా?”

“చూశాను. ఈ తప్పు నాదే, ఎవరి ముందైనా ఒప్పుకుంటా. ఆరోజుది మాత్రం నాది కాదు.”

తీగ తగిలించి, పరుగున వెళ్లి ఆ కంప్యూటర్లు సరిచేసి, గంటలో తిరిగొచ్చి మళ్లీ పీకింది. ఈసారి ఎక్కడా ఏదీ ఆగలేదు.

అధికారి క్షమాపణ ఊసెత్తలేదు, మెచ్చుకోనూ లేదు. అనుమతి లేకుండా పాత యంత్రం వాడినందుకు హెచ్చరిక లేఖ పంపాడు. అది జరిగిన మాటే కనుక ఆమె మారుమాట లేకుండా సంతకం చేసి, అడుగున ఇలా రాసి పంపింది: “ఇకపై ప్రతి నెలా మొదటి సోమవారం పదకొండింటికి ఒక సర్వరు ఆపి చూస్తాను. మీరు రానక్కర్లేదు.”