ఒకే బల్ల మీద బర్గరూ బీరూ

మా తమ్ముడు పోయాడు. మంగళవారం తెల్లవారుజామున దేవుడి దగ్గర వత్తి సరిచేస్తుంటే మరదలి ఫోను వచ్చింది. "వదినా, మీ తమ్ముడు లేగట్లేదు," అంది. వాళ్ళ ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. చెప్పులు వేసుకోవడం మరిచి నడిచాను. నిద్రలోనే వెళ్ళిపోయాడు. గుండె అన్నాడు డాక్టరు. వాడికి యాభై రెండు.

ఈ మలాయి దేశంలోని మన తెలుగు సంఘం పత్రికకు ఇంతవరకు నేను భజనల గురించి, పూజల గురించి రాశాను. ఈసారి బర్గరు గురించీ బీరు గురించీ రాస్తున్నాను. తప్పుగా అనుకోకండి. మా తమ్ముణ్ణి తలచుకోవడానికి నాకు ఇంతకంటే సరైన దారి కనిపించలేదు.

తెలుక్ ఇంటాన్ చుట్టుపక్కల ఉండేవాళ్ళు వాణ్ణి చూసే ఉంటారు. పామాయిలు గెలల లారీ నడిపేవాడు. ముప్పై ఏళ్ళు అదే పని. ఎవరు చెయ్యి చూపినా లారీ ఆపేవాడు. లారీ ఎక్కేముందు ముందు చక్రాన్ని అరచేత్తో ఒకసారి తట్టేవాడు, గేదెను తట్టినట్టు.

మేము బటాంగ్ బెర్జుంటై వైపు ఎస్టేటులో పుట్టాం. మా తాతల ఊరి వాడుక ప్రకారం అక్కను అప్ప అంటాం. వాడు "అప్పా" అని కేకేస్తే తమిళ పొరుగువాళ్ళు నవ్వేవారు, అక్కను పట్టుకుని నాన్న అంటాడేంటి వీడు అని. తర్వాత ఎవరూ నవ్వలేదు. అమ్మ పోయేసరికి నాకు పంతొమ్మిది, వాడికి పద్నాలుగు. అన్నం వండిందీ, బడి ఫీజు కట్టిందీ, పెళ్ళి చేసిందీ నేనే.

నాన్న చెడ్డవాడు కాదు. ఎస్టేటు కల్లు కొట్టులో మొదటి ముంత అయ్యేదాకా పాటలు పాడేవాడు. రెండో ముంత నుంచి వేరే మనిషి. నాన్న వచ్చే వేళకు అమ్మ మమ్మల్ని పక్కింటి వంటగదిలో కూర్చోబెట్టేది. తమ్ముడు గోడకు చెవి ఆనించి వినేవాడు. "ఈయేళ పాట ఇనబడతాంది అప్పా, ఎల్దాం," అనేవాడు. పాట వినబడని రోజు అక్కడే పడుకునేవాళ్ళం.

పోయేముందు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీ గడపలోకి మందు రానీకు," అంది. సరేనన్నాను. తమ్ముడు నీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాడు విన్నాడో లేదో నేను అడగలేదు.

ఆ మాట నిలబెట్టుకున్నాను. నా పెళ్ళికి వచ్చిన మేనమామనే సీసాతో సహా గుమ్మంలోంచి పంపేశాను. తమ్ముడు పెద్దయ్యాక ఆదివారం సాయంత్రాలు చైనావాళ్ళ కాఫీ కొట్టులో బీరు తాగుతాడని తెలిసింది. ఆదివారం మా ఇంటికి వచ్చేవాడు కాదు. సోమవారం వచ్చేవాడు, తలస్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని. నేను ఏమీ అనేదాన్ని కాదు. వాడు మానెయ్యాలని దేవుడికి మాత్రం చెప్పుకునేదాన్ని. ఎన్నేళ్ళు చెప్పుకున్నానో.

ఇక బర్గరు. మిల్లులో గెలలు దించాక సాయంత్రం రోడ్డు పక్క మలాయివాళ్ళ బర్గరు బండి దగ్గర ఆగేవాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగేవాడు. కోడి మాంసం బిళ్ళను పెనం మీద కాల్చి, గుడ్డు పల్చగా పోసి, దాన్ని దుప్పటిలా చుట్టి, రొట్టెలో పెట్టి ఇచ్చే బర్గరు అది. నిలబడే తినేవాడు. తిన్నాక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకునేవాడు, రోడ్డు మీద పారెయ్యకుండా. బట్టలుతికేటప్పుడు మరదలు రోజూ తిట్టేది.

"తిండిని తొందరెట్టకూడదు," అనేవాడు. "తొందరెడితే అది కడుపులోకెల్తాది గానీ మనిషిలోకెల్లదు."

వాడికి ఒక్కటే కోరిక ఉండేది. మంచి బర్గరు, చల్లని బీరు, రెండూ ఒకే బల్ల మీద, ఎదురుగా సముద్రం. వినడానికి చిన్నదే. కానీ ముప్పై ఏళ్ళలో కుదరలేదు. మలాయివాళ్ళు ముస్లిములు కనుక ఆ బండి దగ్గర బీరు ఉండదు, మనం తీసుకెళ్ళనూ కూడదు. చైనావాళ్ళ కొట్టులో బీరు ఉంటుంది, ఆ బర్గరు ఉండదు. చేతిలో లారీ ఉంటే అసలు బీరే లేదు. ఇవన్నీ చెప్పి వాడే నవ్వేవాడు. "ఆ రెండికీ జాతకం కలవలేదప్పా."

కిందటేడు మొదటిసారి వాడు లారీకి సెలవు పెట్టాడు. "ఎక్కడికెల్దాంరా?" అన్నాను. "పాంకోర్ దీవికి. నువ్వూ రావాల," అన్నాడు. మళ్ళీ, "నేను తిన్నప్పుడు నువ్వు పక్కన కూకోవాల. ఒక్కసారి," అన్నాడు.

నేను ఎప్పుడూ కూర్చోలేదు. నీచు తినను, మందు వాసన పడదు, అందుకని. వాడు అడిగాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు. ఆ రోజే అనుకున్నాను, వాడి ముందు ఆ రెండూ ఒకే బల్ల మీద పెట్టించి, పక్కన కూర్చోకుండా తిరిగి రానని.

గదులు నేనే మాట్లాడాను. శుక్రవారం వెళ్ళి ఆదివారం మధ్యాహ్నం పడవకు తిరిగి రావాలి. మరదలు, తమ్ముడు, నేను.

శుక్రవారం సాయంత్రం హోటల్లో అడిగితే బర్గరూ ఉంది, బీరూ ఉంది. కానీ ఆ బర్గరు గొడ్డుమాంసం. అడిగి కోడిది చేయించాం. ఎండిన రొట్టె, ఎండిన ముక్క, పైన ఒక పుల్ల గుచ్చి తెచ్చారు. తమ్ముడు ఒక ముక్క కొరికి చాలాసేపు నమిలాడు.

"ఎలాగుందిరా?"

"ఇది బర్గరు కాదప్పా. బర్గరు ఫొటో."

మరదలికి నవ్వాగలేదు. వాడు బీరు వద్దని చెప్పేశాడు. ఆ తిండికి అది దండగ అన్నాడు.

మర్నాడు పొద్దున్న బీచి వెంట నడుస్తూ ఒక మలాయి ఆమెను చూశాం. మూసిన బర్గరు బండిని కడుగుతోంది. సాయంత్రం తెరుస్తానంది. గుడ్డు చుట్టి ఇస్తావా అని తమ్ముడు మలాయిలో అడిగాడు. చుట్టకపోతే అదేం బర్గరు అని ఆమె ఎదురడిగింది. వాడి ముఖం వెలిగింది. ఆ వెంటనే మరదలు నెమ్మదిగా, "ఈయేళ శనివారం కదా," అంది.

మా ఇంట్లో శనివారం ఎవరూ నీచు ముట్టరు. అమ్మ పెట్టిన నియమం. నేను రోజూ ముట్టను కనుక, గదులు మాట్లాడేటప్పుడు నాకది తట్టనే లేదు. అందరికీ నియమాలు చెప్పేదాన్ని నేనే మరిచాను.

"పోన్లే అప్పా," అన్నాడు. "మనకి సెలవు గానీ ఎంకన్న బాబుకి సెలవు లేదు లా." మాట చివర ఆ "లా" ఇక్కడ అందరి నోటా ఉండేదే.

ఆ సాయంత్రం ముగ్గురం పెరుగన్నం తిన్నాం. పెద్ద ముక్కుల పక్షులు వచ్చి తీగల మీద వాలాయి. వాడు వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట కూడా విసుగ్గా అనలేదు. అదే నాకు కష్టంగా తోచింది.

ఆదివారం పొద్దున్న వాడు సంచి సర్దేశాడు. పడవ మధ్యాహ్నం. బండి తెరిచేది సాయంత్రం. నేను స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని బయటికొచ్చి, "రేపెల్దాం," అన్నాను.

"దీనికి రేపు ఫేక్టరీ," అన్నాడు మరదల్ని చూపించి.

"నేను ఫోన్ సేసుకుంటాను లా," అంది మరదలు. "వదిన ఉంటానంటే నేనేటి, ఎల్తానా?"

సాయంత్రం బండి దగ్గరికి వెళ్ళాం. అక్కడికి ఐదు నిమిషాల నడకలో చైనావాళ్ళ చేపల కొట్టు, బల్లలు ఇసుకలో వేసి ఉన్నాయి. తమ్ముడు సందేహించాడు. బీరు తాగి ఆ మలాయి ఆమె దగ్గరికి వెళ్ళనన్నాడు. "నోరు వాసనొస్తాది. ఆమెకి మరేద కాదు." బర్గరు ముందు తెచ్చుకుందామంటే, బీరు వచ్చేలోగా చల్లారిపోతుందన్నాడు.

"నువ్వు బల్ల దగ్గర కూకో," అన్నాను. "బర్గరు నేను తెస్తాను."

"నువ్వా?"

"నేనే."

ముందు కొట్టు యజమానితో మాట్లాడాలి కదా. బయటి తిండి తేకూడదని గోడ మీద రాసి ఉంది. నేను చీరలో, బొట్టుతో వెళ్ళి, మలాయిలో, "ఒక బీరు, చల్లగా ఉండాలి. బర్గరు బయట నుంచి తెస్తాను," అన్నాను. ఆ పెద్దాయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"బీరు మీకా అమ్మా?"

"మా తమ్ముడికి. నాకు బార్లీ నీళ్ళు."

"ఆ గోడ మీద రాసింది చదవలేదా?"

"చదివాను. అందుకే అడుగుతున్నాను."

ఆయన ఆ రాతకేసి ఒకసారి, మా తమ్ముడికేసి ఒకసారి చూశాడు. "సరే లా," అన్నాడు. "వేడిగా తెండి. నేను గ్లాసు ఐసులో పెడతాను."

బండి దగ్గర పెనం ముందు నిలబడ్డాను. నా జన్మలో మొదటిసారి మాంసం కాలుతున్న పెనం ముందు నిలబడి, ఎప్పుడవుతుందా అని చూశాను. ఆమె గుడ్డు పోసింది, బిళ్ళను చుట్టింది, కాగితంలో పెట్టి ఇచ్చింది. చల్లారకుండా దాన్ని కొంగులో చుట్టుకున్నాను. పూజ పళ్ళెం తప్ప ఇంకేదీ అంత జాగ్రత్తగా పట్టుకుని నడిచినట్టు గుర్తులేదు. ఇసుకలో చెప్పులు జారుతుంటే విప్పి చేత పట్టుకున్నాను. దూరం నుంచి మరదలు చూసి లేచి నిలబడింది. "వదిన పరిగెడతాంది!" అని అరిచింది.

బల్ల మీద పెట్టాను. కాగితం విప్పితే ఇంకా పొగ వస్తోంది. బీరు అప్పుడే వచ్చింది, గ్లాసుకు చెమట పట్టి ఉంది. వాడు చేతులు రెండుసార్లు కడుక్కొచ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. వాడు ఒక ముక్క కొరికాడు, ఒక గుక్క తాగాడు, సముద్రంకేసి చూశాడు.

"ఇదీ," అన్నాడు. అంతే.

తొందరపడలేదు. పక్షులు గూళ్ళకు వెళ్ళిపోయేదాకా తిన్నాడు. సీసా అయిపోయాక యజమాని రెండోది పట్టుకొచ్చి మూత తియ్యబోయాడు. తమ్ముడు చేత్తో ఆపాడు.

"వద్దు. ఒకటే."

"తాగరా, ఈయేళకి నేనేమననులే," అన్నాను.

వాడు కాగితాన్ని మడత పెడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తల ఎత్తకుండానే, "ఒకటి నాది అప్పా. రెండోది నాన్నది. నేనెప్పుడూ ముట్టలేదు," అన్నాడు.

మరదలు తలూపింది. ఆమెకు తెలుసు. తెలియనిది నాకే. అమ్మ మాటను ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. గుమ్మంలో నీళ్ళ గ్లాసుతో నిలబడ్డ పిల్లవాడు అంతా విన్నాడు. ప్రతి ఆదివారం ఒక్క సీసాతో ఆపి, రెండోది ముట్టకుండా లేచి వచ్చేసేవాడు. నేనేమో వాడు మానెయ్యాలని దేవుడికి చెప్పుకుంటూ ఉన్నాను.

గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. బార్లీ నీళ్ళు తాగేశాను.

పదహారో రోజు కర్మ మా ఇంట్లోనే చేశాం, అమ్మానాన్నల ఫొటోలు ఇక్కడ ఉన్నాయి కనుక. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఫొటో ముందు ఆకులో పెట్టడం మనవాళ్ళ పద్ధతి. మరదలు గారెలు, కోడి కూర, చేపల పులుసు చేసింది. బీరు మాట ఎవరూ ఎత్తలేదు. మా గడప సంగతి అందరికీ తెలుసు.

సాయంత్రం నేను సంచి పట్టుకుని, మరదల్ని వెంటబెట్టుకుని బయటికి వెళ్ళాను. ముందు చైనావాళ్ళ కొట్టుకి. తర్వాత వాడు లారీ ఆపే మలాయి బండికి. సీసాను దారిలో మరదలి చేతికిచ్చి, దూరంగా నిలబడమన్నాను. వాడైతే అలాగే చేసేవాడు. బండి అతనికి సంగతి చెప్పాను. అతను పెనాన్ని మరోసారి శుభ్రంగా తుడిచాడు. తర్వాత గుడ్డు పోశాడు.

గడప దగ్గర ఒక్క క్షణం ఆగాను. అమ్మ ఫొటో ఎదురుగా ఉంది. అమ్మా, ఇది వాడిది, ఒకటే, అని చెప్పి లోపలికి వచ్చాను.

ఆకులో బర్గరు పెట్టాను. పక్కన గ్లాసులో బీరు పోశాను. మా బాబాయి కొడుకు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఒకటేనేటి అప్పా? కారులో ఇంకోటుంది, తేనా?"

"వద్దు," అన్నాను. "రెండోది ఆడిది కాదు."

ఆకు పెట్టాక అందరూ బయటికి వెళ్ళి తలుపు మూసెయ్యాలి. అప్పుడే పోయినవాళ్ళు వచ్చి తింటారంటారు. అందరూ వెళ్ళారు. మరదలు గుమ్మంలో ఆగి నాకేసి చూసింది. నేను లేవలేదు. ఆమె తలుపు దగ్గరగా వేసింది.

బార్లీ నీళ్ళ గ్లాసు పట్టుకుని ఆకు పక్కన కూర్చున్నాను. దీపం వెలుగులో బర్గరు కాగితం మీద పొగ సన్నగా లేస్తోంది. గ్లాసులో నురగ నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, కిందికి దిగుతోంది.