అత్త పాటలు, కొత్త లినక్స్

తొంభైల చివర్లో మా మామ మా ఊరి బ్రూస్‌పేటలోని తన బట్టల అంగడి మీది గదిలో కంప్యూటర్ క్లాసులు నడిపేవాడు. డిప్లొమా ముగించిన నేను అక్కడ పాఠాలు చెప్పేవాణ్ణి. మూలనున్న కంప్యూటర్‌లో మాత్రం లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళెవరూ దాన్ని ముట్టేవారు కాదు. మధ్యాహ్నం అత్త పైకొచ్చి అందులో పెళ్ళిపాటలు టైపు చేసుకునేది. తెలుగు అక్షరాలు ఎలా తెప్పించాలో మాకు తెలియదు. ఇంగ్లీషు అక్షరాలతోనే, ఒక్క వేలితో, పాడుకుంటూ కొట్టేది.

ఒకసారి మామ బెంగళూరు నుంచి కొత్త లినక్స్ సీడీ తెచ్చాడు. పాతదాన్నే అప్‌గ్రేడ్ చెయ్యాలా, అంతా తుడిచి కొత్తగా ఎక్కించాలా అని మా ఇద్దరికీ వాదన మొదలైంది.

"తుడిచేద్దాం మామా. పాతదాని మీద ఎక్కిస్తే ఏది పనిచేస్తాదో ఏది చెయ్యదో తెలీదు. మధ్యలో కరెంటు పోయిందంటే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు."

"మరి మీ అత్త పాటలు ఏంగావాల?"

"ఫ్లాపీలోకి తీసి పెడతా."

"ఫ్లాపీని నమ్మేది ఎట్లప్పా?"

మామ ఒప్పుకోలేదు. సీడీ చాలా రోజులు బల్ల మీదే పడి ఉంది. చివరికి అత్తే అడిగింది, "ఏంది మీ పంచాయితీ?" అని. చెప్పాను. నవ్వేసింది.

"పాటలు దాంట్లో ఉండాయా, నా నోట్లో ఉండాయా? తుడిచేయప్పా."

ఫ్లాపీలోకి పాటలు తీసి, డిస్కు తుడిచి, కొత్తది ఎక్కించాను. తెర మీద రంగురంగుల కిటికీలు తెరుచుకోగానే మామ చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ఫ్లాపీ పెట్టాను. డ్రైవు గరగరమని మూలిగింది గానీ ఒక్క పాటా చదవలేదు. మళ్ళీ మళ్ళీ పెట్టి చూశాను. మామ లేచి గుమ్మం దగ్గరికి పోయి నిలబడ్డాడు.

అత్త కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "సరి బిడప్పా, పోతే పోనీ. నేను పాడతా, నువ్వు కొట్టు."

ఆమె పాడుతుంటే నేను కొడుతూ పోయాను. వియ్యాలవారిని ఎగతాళి చేసే పాటలో ఒకచోట ఆగిపోయింది. తర్వాతి చరణం ఎంత తలచుకున్నా రాలేదు. అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి ఆ చరణం అందుకుంటూ మామ గొంతు వినిపించింది. శ్రుతి లేదు గానీ ఒక్క మాటా తప్పు పోలేదు. ఆయన పాడగలడని నాకు అంతవరకూ తెలియదు.

"నీకెట్ల తెలుసు?" అంది అత్త ఆశ్చర్యంగా.

"మన పెండ్లిలో మీవాళ్ళంతా చేరి నన్ను తిట్టిన పాట గదా. ఎట్ల మరుస్తా?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే నా భుజం తట్టి, "తొందరగా కొట్టప్పా, మీ మామ మళ్ళీ పాడేది లేదు" అంది.