మూడో గడప

సొబ్రెదొ ఊళ్లో దేవుణ్ణి నమ్మనివాడు ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరు అడెరితు. ఇది యాభై ఏళ్ల కిందటి మాట. ఇప్పుడు నమ్మనివాళ్లు ఊరినిండా ఉన్నారు గాని, వాళ్లను ఆ పేరుతో పిలవడం కూడా ఎక్కువే, ఎందుకంటే వాళ్లకు ఆ ఊసే లేదు. అడెరితుకు మాత్రం ఉంది. డెబ్భై తొమ్మిదేళ్లు వచ్చినా చర్చి గంట మోగితే ఆయనకు ఒళ్లు మండుతుంది. మండుతూనే ఓ చెవి అటు వేసి ఉంచుతాడు. ఎన్నిసార్లు మోగిందో, తాడు ఎవరు లాగారో కూడా చెప్పగలడు.

ఆయన రాతిపనివాడు. పన్నెండో ఏట కొండమీది గనిలో సుత్తి పట్టి డెబ్భయ్యో ఏట దించాడు. ఊరి శ్మశానంలో సిలువలు సగం ఆయన చెక్కినవే. చర్చి ముందున్న పునీతుడి విగ్రహానికి ముక్కు విరిగితే అతికించిందీ ఆయనే. మరి ఎందుకు నమ్మవయ్యా అంటే జవాబు సిద్ధంగా ఉండేది.

“పొద్దున ఆరింటికి నా ముందున్నది రాయి. సాయంత్రం ఆరింటికి దేవుడన్నారు. రోజంతా నేనక్కడే ఉన్నా కదా, మధ్యలో ఆయన ఎప్పుడొచ్చి దూరాడో నాకైతే కనబడలేదు.”

పాత ఫాదరు ఈ మాటకు కడుపుబ్బా నవ్వి, ఆ తర్వాత వాదనకు దిగేవాడు. ఇద్దరూ కాఫీకొట్టు ముందు నిలబడి అన్నం వేళ దాటేదాకా వాదులాడుకునేవాళ్లు.

“యాభై ఏళ్లు ఆగండి ఫాదరుగారూ. మీ చర్చిలో గడ్డిమోపులు పేర్చుకుంటారు.”

“సరేలే, అప్పటికి ఇద్దరం ఉంటే కలిసే పేరుద్దాం.”

ఫాదరు పోయాడు. యాభై ఏళ్లూ గడిచాయి. చర్చిలో గడ్డి మాత్రం పేర్చలేదు, తినడానికి ఊళ్లో పశువులు కూడా మిగల్లేదు. ఆరు ఊళ్లకు కలిపి ఒక్క కుర్ర ఫాదరు, మూడు వారాలకోసారి పూజ, పూజకు పద్నాలుగు మంది. అడెరితు గెలిచాడు. అయితే, ‘ఓడిపోయానురా’ అని ఒప్పుకోవడానికి అవతల మనిషి ఉండాలి కదా. ఆ గెలుపు ఆయనకు ఉప్పులేని కూడులాగే ఉండేది.

ఆ సీమలో ఈస్టరు నాడు సిలువే ఇల్లిల్లూ తిరుగుతుంది. గడప ముందు సోంపు రెమ్మలు, కామెల్లియా పూలరేకులు పరిచి ఉంటే రమ్మని అర్థం. సిలువను లోపలికి తెస్తారు, ఇంటిల్లిపాదీ ముద్దు పెట్టుకుంటారు, తెచ్చినవాళ్లకు ఓ కేకు ముక్క, ఓ గుక్క వైను ఇస్తారు. గడప బోసిగా ఉంటే మారుమాట లేకుండా దాటిపోతారు. అడెరితు గడప యాభై ఏళ్లుగా బోసిదే. భార్య ఒలిండ బతికున్నన్నాళ్లూ పక్కింటి ఎర్మెసిండ దగ్గరికి వెళ్లి సిలువను ముద్దు పెట్టుకుని వచ్చేది. ఈయన ఆ వేళకు పెరట్లో ద్రాక్షతీగలు కట్టుకుంటూ, ఆమె తిరిగొచ్చాక ‘కేకు ఎలా ఉంది’ అని మాత్రం అడిగేవాడు.

ఎర్మెసిండకు ఎనభై నాలుగేళ్లు. మోకాళ్లు ఆమె మాట వినడం మానేసి చాలా కాలమైంది. ఆరేళ్ల కింద ఒలిండ ఎనిమిది నెలలు మంచాన పడితే రోజూ క్యాబేజీ సూపు తెచ్చి తాగించి, పక్కన కూర్చుని జపమాల చెప్పింది ఈవిడే. అడెరితు ఆమెకు కుర్చీ వేసి బయటికి వెళ్లిపోయేవాడు. వెళ్లి, జపం అయ్యేదాకా అలికిడి చేయకుండా గోడవార నిలబడేవాడు. ఆ ఋణం ఎలా తీరేదో ఆయనకు తెలియదు.

ఈ ఏడు ఈస్టరుకు వారం ముందు గ్రసియాను ఎర్మెసిండ ఉండే పైవీధికి ఎక్కి వచ్చాడు. సిలువ తిప్పే పని చూసేది ఈయనే.

“అక్కా, ఈసారి మీ వీధికి రాలేమేమో. మోసేవాళ్లు లేరు. మూడు గడపలైనా పిలిస్తేనే వీధిలోకి ఎక్కమని ఫాదరుగారు గీత గీశారు.”

“మా వీధిలో ఎన్నున్నాయి?”

“నీదొకటి. ఆ వనెస్సా వాళ్లది ఒకటి.”

పదకొండు ఇళ్ల వీధిలో దీపం వెలిగేవి మూడే. ఆ మూడో ఇంటి ఆసామి గోడకానుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. గ్రసియాను ఆయన వంక చూసి, వెంటనే తన బూట్ల వంక చూసుకున్నాడు. ఎర్మెసిండ గ్రసియానుతోనే, “చర్చికి పోలేను, సరే. పూజ టీవీలో చూస్తున్నా. మా ఇంటికి టీవీ వచ్చింది గానీ ప్రభువు రావట్లేదు కదరా” అంది.

ఆమె అడిగి ఉంటే అడెరితు కాదనేవాడు, రెండు తిట్లు తిట్టుకుని నిద్రపోయేవాడు. అడగలేదు. అదే ఆయన్ను తొలిచింది. తన గడప మీద నాలుగు ఆకులు పడితే ఆమె ఇంటికి సిలువ వస్తుంది, పడకపోతే రాదు. ఎనభై నాలుగేళ్ల మనిషికి వచ్చే ఏడాది ఉందన్న మాట ఎవరివ్వగలరు? కానీ ఆకులు పరిస్తే అబద్ధం ఆడినట్టు. ఆయన ముక్కు సూటితనానికి ఊళ్లో పెళ్లిసంబంధాలు కూడా చెడ్డాయి. అంతటి మొండి నిజాయితీ.

దిక్కుతోచక పట్నం నుంచి వచ్చి స్థిరపడ్డ వనెస్సాను కదిపాడు.

“నువ్వు నమ్ముతావా అమ్మా?”

“దేన్ని తాతగారూ?”

“దేవుణ్ణి.”

“ఏమో, ఎప్పుడూ ఆలోచించలేదండీ. పూలు పరిస్తే ఫొటోలు బాగా వస్తాయి.”

అడెరితు ఇంటిదారి పట్టాడు. ఆయన యాభై ఏళ్లు ఆలోచించాడు. ఈ పిల్ల ఆ శ్రమేమీ లేకుండానే ఆయనకన్నా ముందుకెళ్లి కూర్చుంది. తాను జోస్యం చెప్పిన కాలం ఇదేనేమో గాని, ఇంత చప్పగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఈస్టరు పొద్దున పెరట్లోంచి ఓ చేటెడు సోంపు ఆకు కోసుకొచ్చి గడప ముందు పరిచాడు. అలవాటు లేని పని, గోడ కట్టేవాడిలా వరసలు వరసలుగా పేర్చాడు. నడుం ఎత్తేసరికి ఎర్మెసిండ చేతికర్రతో తన గుమ్మంలో నిలబడి ఉంది.

“ఏంట్రా ఇది?”

“కనబడ్డంలా? సోంపు ఆకు.”

“నమ్మావా?”

“లేదు.”

“మరి?”

“మూడో గడప.”

ఆమె లోపలికెళ్లి చీపురు తెచ్చింది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో చీపురు, ఒక్కో రెమ్మా ఊడ్చుకుంటూ వచ్చింది.

“అక్కా, ఆకులే కదా.”

“ఆకులైతే పెరట్లో పరుచుకో. గడప మీద పరిస్తే అది మాట. ఊళ్లో అబద్ధమాడని వాడు ఒకడున్నాడని ఒలిండతో ఎన్నిసార్లు అన్నానో. ఆ ఒక్కణ్ణీ నా కోసం పాడుచేసుకోను.”

“పాడైతే నేను కదా అయ్యేది.”

“నోర్ముయ్. నువ్వు దేవుడితో పోట్లాడతావు, బానే ఉంది. పోట్లాడ్డానికైనా ఆయనకొకడు ఉండాలి. మిగతావాళ్లు పలకరించడం కూడా మానేశారు.”

యాభై ఏళ్లలో ఫాదరుతో సహా ఎవరూ అడెరితు నోరు ఇలా కట్టేయలేదు. ఇంతలో కింద సిలువతో వచ్చేవాళ్ల చేతిగంట వినబడింది. గ్రసియాను వీధి మొదట్లో ఆగి, తలెత్తి, పచ్చగా ఉన్న గడపలు రెండే అని చూసుకున్నాడు. చెయ్యెత్తి ఏదో సైగ చేసి పక్క సందులోకి తిరిగాడు. ఎర్మెసిండ మొహం పక్కకు తిప్పుకుంది. ఊడ్చిన ఆకులు కుప్పగా ఆమె కాళ్ల దగ్గరే ఉన్నాయి.

అడెరితు వాటిని చేటలోకి ఎత్తాడు. నేరుగా ఆమె ఇంట్లోకి వెళ్లి వంటింటి కుర్చీ ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు.

“పద.”

“ఎక్కడికి?”

“కిందికి. నలభై మెట్లు. తొందరేం లేదు, వాళ్లు ఆ సందులో తినీ తాగీ వచ్చేసరికి గంట పడుతుంది.”

“సిలువ ఇంటికి రావాలి గానీ, మనం వెళ్లి దారికడ్డం కూర్చోవడమేంట్రా?”

“కుర్చీ నీ ఇంటిదే కదా.”

ఆమె తలమీది గుడ్డ సవరించుకుంది.

దిగడానికి ముప్పావుగంట పట్టింది. అయిదు మెట్లకోసారి కుర్చీ వేయడం, ఆమెను కూర్చోబెట్టడం, మళ్లీ లేపడం. మధ్యలో ఆమె ఆయన్ను మెల్లిగా నడవమని తిట్టింది, మరీ మెల్లిగా నడుస్తున్నావనీ తిట్టింది. వీధి మొదట్లో చదునైన చోట కుర్చీ వేసి, చేటలోని ఆకులు దాని కాళ్ల చుట్టూ పరిచాడు. ఈసారి వరసలు పేర్చలేదు. “ఇది నీ గడప. నాకు సంబంధం లేదు” అన్నాడు.

ముందుగా వచ్చింది మఫాల్డ ఒక్కతే. పట్నంలో నర్సు పని చేసే పిల్ల, పండక్కి ఊరొచ్చింది. రెండు చేతులా సిలువను హత్తుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది. గ్రసియాను ఇంకా మూలింట్లోనే ఉన్నాడు. ఇంటికో గుక్కే అంటూ పొద్దున మొదలుపెట్టిన మనిషి, మధ్యాహ్నానికి ఏ ఇంటినుంచీ తొందరగా లేవడు.

“చెప్పు పట్టీ తెగింది తాతా. దీన్ని ఇవాళ నేల మీద పెట్టకూడదట. ఒక్క నిమిషం పట్టుకో.”

రాతిపనిలో ఎవరైనా బరువు అందిస్తే ముందు పట్టుకోవాలి, మాటలు తర్వాత. మాటలు ముందైతే కాలు నుజ్జవుతుంది. అరవై ఏళ్ల ఆ అలవాటే చేతులు చాపించింది. ఆ పిల్ల వంగి పట్టీ ముడేసుకుంటూ ఉండగా, తన చేతుల్లో ఏముందో అడెరితు అప్పుడు చూసుకున్నాడు. ఎర్మెసిండ కూడా చూసింది.

“వంచు” అంది.

“ఆగక్కా, ఆ అమ్మాయి లేస్తుంది.”

“ఎనభై నాలుగేళ్లు వచ్చాయి, ఇంకెంతసేపు ఆగను? వంచు.”

ఆయన వంచాడు. సిలువ పట్టుకున్నవాళ్లు ముందుగా ‘ప్రభువు లేచాడు’ అనాలి, ఇంటివాళ్లు దానికి బదులు చెప్పాలి. ఆ తర్వాతే ముద్దు. అడెరితు పెదవులు బిగించుకుని నిలబడ్డాడు. అబద్ధం ఆడలేడు, పొద్దున ఆమె ఊడ్చి పారేసింది దాన్నే కదా.

ఎర్మెసిండ ఆయన మొహం చూసింది. “నువ్వు చెప్పకు. రెండు మాటలూ నేనే చెప్పుకుంటా.”

“ప్రభువు లేచాడు” అంది, పిలిచే గొంతుతో. కాస్త ఊపిరి తీసుకుంది. “నిజంగా లేచాడు, అల్లెలూయా” అంది, బదులిచ్చే గొంతుతో. ముందుకు వంగి ముద్దు పెట్టుకుంది.

అడెరితుకు కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. దేవుడు కనబడ్డాడని కాదు, ఇప్పుడూ కనబడలేదు. ఈమె వెళ్లిపోయాక ఈ వీధి మొదట్లో పిలుపుకూ మనిషి ఉండదు, బదులుకూ మనిషి ఉండదు. ఇలా అవుతుందని ఊరందరికన్నా ముందు, అదీ గొప్పగా, చెప్పింది తనే.

మఫాల్డ లేచి చేతులు చాపింది. “ఇటివ్వు తాతా, బరువుగా ఉంటుంది.”

“పర్లేదమ్మా” అన్నాడు అడెరితు. “ఆ రెండో పట్టీ కూడా వదులైనట్టుంది, సరిగ్గా కట్టుకో.”