సలోమి గంజి మానేసింది

నరసాపురం దగ్గర మా గ్యాస్ బావుల స్టేషన్‌లో అందరూ ఒంటినిండా వేసుకునే, మంట అంటుకోని కవరాల్స్ బాధ్యత కృపారాణిగారిది. బట్టలగది ఆవిడ రాజ్యం. మేనేజరుదైనా సరే, మెడపట్టీ నుంచి కాళ్ల అంచుదాకా తడిమి చూశాకే సంతకం. మేం చాటుగా "అత్తగారు" అనేవాళ్లం. ఆవిడకి తెలుసు, పట్టించుకునేవారు కాదు.

ఒక సోమవారం ఆపరేటర్ డేనియల్ తన కవరాల్ బల్లమీద పెడితే అది అట్టలా నిలబడింది. కృపారాణిగారు వాసన చూశారు.

"గంజి పెట్టించారా డేనియల్ గారూ?"

"మా ఆవిడ పెట్టిందండి. గంజి లేకపోతే డ్యూటీకి పంపదండి," అన్నాడు గర్వంగా.

"ఏంటండీ ఇది! మంట అంటుకోని బట్టకి అంటుకునేది పూస్తారా ఎవరైనా?"

డేనియల్ ముఖం చిన్నబోయింది. పక్షవాతం వచ్చి భార్య సలోమికి కుడిచెయ్యి పడిపోయిందని, ఇరవై ఏళ్లు లేసు అల్లిన మనిషి ఇప్పుడు ఎడమచేత్తో చెయ్యగలిగేది ఈ గంజీ ఇస్త్రీ మాత్రమేనని మెల్లగా చెప్పాడు. "అదీ వద్దంటే మంచం దిగదండి."

రూలు రూలే. కృపారాణిగారు దాన్ని మళ్లీ ఉతికించడానికి పక్కన పెట్టి, వేరేది ఇచ్చి పంపారు. సాయంత్రం తనే వాళ్లింటికి వెళ్లారు.

విషయం విని సలోమి, "ఆయన్ని నేనే కాల్చేసుకునేదాన్నా అమ్మా?" అని ఏడ్చింది.

కృపారాణిగారికీ కళ్లు నిండాయి. ఆమె ఎడమచెయ్యి పట్టుకుని, "గంజి ఒక్కటే మానెయ్యండి అక్కా. ఇస్త్రీ మీదే. ప్రతి కుట్టూ తడిమి చూసి పంపండి. లేసు అల్లిన వేళ్లు కదా," అన్నారు.

ఊరడించడానికే అన్నానని తర్వాత మాతో ఆవిడే ఒప్పుకున్నారు.

రెండు నెలలకి డేనియల్ కవరాల్ జేబులో ఒక చీటీ వచ్చింది. ఎడమచేత్తో రాసిన వంకర అక్షరాలు. "కుడి చంక కింద బట్ట పల్చబడింది. మార్చండి."

అంతకుముందు వారమే దాన్ని చూసి, బాగుందని కృపారాణిగారు సంతకం పెట్టారు. ఇప్పుడు వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. చంక కింద నేత అరిగిపోయి అవతలి కిటికీ ఊచలు కనిపిస్తున్నాయి.

ఆవిడ పాతది తీసేసి, డేనియల్‌కి కొత్త కవరాల్ ఇచ్చారు. రిజిస్టరు తెరిచి, "లోపం కనిపెట్టినవారు" అన్న గడిలో ఎప్పుడూ రాసే తన పేరు రాయలేదు. సలోమి అని రాశారు.