వాషింగ్ మెషిన్‌కు వచ్చిన వరద

మాది కుంట. బస్తర్ కొసన, ఆంధ్రా సరిహద్దులో, శబరి ఒడ్డున ఉన్న ఊరు కాబట్టి వరదంటే మా ఇంట్లో భయం లేదు, అలవాటు ఉంది. కింద గోదావరి పోటెత్తితే శబరి నీళ్లకు పోయే దారి లేక మా వీధుల్లోకి వస్తాయి. అప్పుడు మా ఇంట్లో ముందు చింతపండు బస్తాలు అటకెక్కుతాయి, తర్వాత ఇప్పపువ్వు, ఆ తర్వాత మనుషులు. ఈ వరస మా మామగారు పెట్టింది. మార్చమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అందుకే నడి ఎండాకాలంలో ఒకరోజు వంటింటి గడప దాటి నీళ్లు రావడం చూసి, మా అత్తగారు ఎందుకు, ఏమిటి అని అడగకుండా చింతపండు బస్తాను నిచ్చెన వైపు ఈడవడం మొదలుపెట్టింది. నేను వెళ్లి చూద్దును కదా, వెనక వసారాలో వాషింగ్ మెషిన్ అంచుదాకా నిండి, పొంగి పారుతూ, అది చాలదన్నట్టు ఇంకా నింపుకుంటోంది. కుళాయి కట్టేశాను. వరద రాలేదని అత్తగారిని నమ్మించడానికే ఎక్కువసేపు పట్టింది.

ఆ మెషిన్ నాకు బట్టలుతికే డబ్బా మాత్రమే కాదు. మాకు ముందు చింతపండు, ఇప్పపువ్వు కొనే దుకాణం, వెనక ఇల్లు. మెషిన్ రాకముందు పొద్దుటి పూటంతా నేను బండ దగ్గరే ఉండేదాన్ని. అది వచ్చాక చేతులు ఖాళీ అయి, వెళ్లి గద్దీ మీద కూర్చున్నాను. గద్దీ అంటే దుకాణంలో కాటా పక్కన తెల్ల దుప్పటి పరిచిన పరుపు. దాని మీద ఎవరు కూర్చుంటే దుకాణంలో వాళ్ల మాటే చెల్లుతుంది. ఎర్రబోరు, భేజ్జి ఊళ్ల నుంచి చింతపండు తెచ్చే ఆడవాళ్లతో నేను వాళ్ల దోర్లీ భాషలోనే మాట్లాడతాను. ఎదురు దుకాణానికి పోయేవాళ్లు కూడా మా గడప ఎక్కడం మొదలుపెట్టారు. అది చూసి మా ఆయన పొద్దున గద్దీ నాకు, సాయంత్రం వాళ్ల నాన్నకు అని తేల్చేశాడు.

మామగారు నాతో ఏమీ అనలేదు. ఆడవాళ్లు కాటా పట్టడం లక్ష్మీదేవికి గిట్టదని గోడకు చెప్పేవారు. లక్ష్మీదేవి మాత్రం మగవాడా అని నేనూ ఆ గోడకే చెప్పేదాన్ని. పాపం, ఆ గోడ మా ఇద్దరి మాటలూ చాలా విన్నది.

ఇప్పుడు మెషిన్ మూలపడితే నేను మళ్లీ బండ దగ్గరికి, గద్దీ మళ్లీ మామగారి దగ్గరికి. నాకు ఏడుపొకటే తక్కువ.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎంతో తీయని హిందీలో నా అసౌకర్యానికి చింతించి, మా ఊరు బస్తర్‌లో ఉందా, ఆంధ్రాలో ఉందా అని అడిగింది. అది మాకే అప్పుడప్పుడు అనుమానం వస్తుంటుందని చెప్పాను. మెకానిక్ జగదల్‌పూర్ దాటి రాడట, మెషిన్‌నే అక్కడికి తెమ్మంది. తర్వాత ఊళ్లో బోరు మోటార్లు బాగుచేసే ఆయన వచ్చాడు. ఆయన దృష్టిలో లోకంలోని ప్రతి కష్టానికీ మూలం ఓల్టేజీయే. మెషిన్‌కూ అదే చెప్పి, మా కరెంటును నాలుగు తిట్టి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. అత్తగారు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. నీళ్లు వాటిని కూడా తడుపుకుంటూ పొంగాయి.

అప్పుడు మామగారు గద్దీ మీద కూర్చుని పంచాయితీ పెట్టారు. మోటారు పీకేస్తే తొట్టి ఇప్పపువ్వు పోసుకోవడానికి పనికొస్తుందన్నారు. నేను ఒప్పుకోలేదు. దాంతో ఆయనకు కోపం వచ్చింది. కాటా మీద చెయ్యి పెట్టి, అందరూ వినేలా అన్నారు:

“ఎవరి చేతుల చెడిందో వాళ్లే ఇంటికాడుండి బట్టలుతకాలె. గద్దీ మాట ఎత్తొద్దు.”

అందరూ నా వైపే చూశారు. మెషిన్ ముట్టేది నేనొక్కదాన్నే కదా! అదీగాక మా వ్యాపారంలో కాటా ముట్టుకుని చెప్పిన మాటకు తిరుగుండదు. పొద్దున చెప్పిన రేటు సాయంత్రం పడిపోయినా, నష్టానికి కొన్నారు గానీ మాట మార్చలేదు మా మామగారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

కానీ ఊరికే ఓడిపోయే రకాన్ని కాను. ఫోన్‌లో ఎవరో హిందీలో చెప్పే వీడియో పెట్టుకుని కూర్చున్నాను. నీళ్లు నిండుతుండగా స్విచ్ ఆపి చూడమన్నాడు. కరెంటు లేకపోయినా నీళ్లు వస్తుంటే లోపలికి నీళ్లు వదిలే వాల్వ్ చెడినట్టట. ఆపి చూశాను. నీళ్లు ఆగిపోయాయి. అంటే వాల్వ్ బాగానే ఉంది, నీళ్లు నిండాయన్న సంగతే మెషిన్‌కు తెలియడం లేదు. ఆ సంగతి చెప్పేది తొట్టి అడుగు నుంచి పైన చిన్న స్విచ్ దాకా వెళ్లే సన్నటి గొట్టం. నీళ్లు పెరిగేకొద్దీ అందులో గాలి పైకి నెట్టుకుపోయి స్విచ్‌ను నొక్కుతుంది. ఎక్కడైనా అడ్డుపడితే ఇక మెషిన్‌కు కడుపు నిండిన సంగతి తెలియదు.

నీళ్లన్నీ తోడేసి, ప్లగ్ పీకి, మా ఆయన చేత వెనక రేకు విప్పించాను. గొట్టం కింది కొస లాగి, ఆ రంధ్రంలో చీపురుపుల్ల పెట్టి తిప్పితే నల్లటి ముద్ద ఒకటి బయటికి వచ్చింది. గొట్టంలోకి మెల్లగా ఊదాను. పైన స్విచ్ టిక్కుమంది. ఆ చప్పుడుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఆ ముద్దను వేళ్లతో విప్పి చూశాను. మొరటు పీచు, దానికి చింతపండు గుజ్జు. వాసన కూడా చింతపండుదే. నా చీరల్లో అంత పీచు ఎక్కడిది? అది గోనె సంచుల పీచు! బస్తర్‌లో ఇంకెవరి మెషిన్‌కైనా ఈ జబ్బు వచ్చి ఉంటుందా అని ఇప్పటికీ నాకు అనుమానమే. నేను గద్దీ మీద ఉండే వేళ ఇంట్లో ఉండేది అత్తమామలిద్దరే. అత్తగారు మెషిన్‌కు దణ్ణం పెడుతుంది గానీ ముట్టుకోదు.

ముద్దను పళ్లెంలో పెట్టుకుని, తిన్నగా దుకాణంలోకి వెళ్లి, కాటా పక్కన పెట్టాను. ఇన్నాళ్లూ గోడకు చెప్పిన మాటలన్నీ వరసగా నాలుక చివర ఉన్నాయి.

“మామా, మనింట్ల గోనె చీర కట్టేదెవరు?” అన్నాను.

మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. మామగారు నవ్వలేదు. ముద్దను వేలితో కదిపి చూశారు.

“పొద్దుగాల నువ్వు ఈడ కూసుంటివి. ఇంట్ల నేనేం జెయ్యాలె బిడ్డా? ఉత్తగ కూసునుడు నాకు రాదు. సంచులన్న ఉతుకుదమనుకున్న.”

నా నాలుక చివరి మాటలన్నీ వెనక్కి వెళ్లిపోయాయి. ఏం చెయ్యాలని ఆయన ఎవరినైనా అడగడం నేనెప్పుడూ వినలేదు. కానీ ఉన్నమాట చెప్పాలి: జాలిపడి గద్దీ ఇచ్చేసేంత మంచిదాన్ని కాను. కాటా ముట్టుకున్నది మీరే కదా మామా అని మాత్రం అన్నాను. ఆయన గద్దీ దిగి, సబ్బు పొడి ఎంత పొయ్యాలో అడిగారు.

మర్నాడు సంత. భేజ్జి ఆడవాళ్లతో దుకాణం నిండిపోయింది. గోడ అవతల మెషిన్‌లో నీళ్లు పడుతున్న చప్పుడు. చింతపండు తూస్తున్నానన్నమాటే గానీ నా చెవులు అక్కడే ఉన్నాయి. చప్పుడు ఎంతకీ ఆగడం లేదు. నా చెయ్యి ఆగిపోయింది.

అంతలో అది కూడా ఆగింది. లుంగీ ఎగగట్టుకుని, తడి చేతులతో మామగారు ఇంటికీ దుకాణానికీ మధ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అందరి ముందూ నన్ను చూసి, “ఆగినయ్ బిడ్డా,” అన్నారు. తర్వాత కాటా వైపు చూశారు.

“నువ్వు తూకం కానియ్యి.”